దొరసానికి చలి పెట్టిన రోజులు

నాకు ఆ ఉద్యోగం ఇంగ్లీషు వచ్చినందుకు రాలేదు, వచ్చని అందరూ అనుకున్నందుకు వచ్చింది. సిరిసిల్లలో మా బాపు మరమగ్గాల మీద కూలికి నేసేవాడు. నేను టైపు నేర్చుకుని, నాలుగు ఇంగ్లీషు ఉత్తరాలు తప్పుల్లేకుండా కొట్టగలిగేసరికి మా వాడలో నన్ను దొరల భాష మాట్లాడేవాడిగా లెక్కగట్టారు. అదే పేరు మీద ఆదిలాబాద్ జిల్లాలో నౌకరీ దొరికింది. కొత్తగా కొలువులో చేరి, పైవాళ్లకీ కిందివాళ్లకీ నడుమ మాట మోసే పనిలో ఉన్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మిగిలినవాళ్లు చదివినా నష్టం లేదు.

అవి ఎనభైల మొదటి రోజులు. మంచిర్యాల దాటి కాగజ్‌నగర్ దిక్కు పోయే రైలుదారి పక్కన, అడవి కొట్టేసిన చోట ఒక గాజు ఫ్యాక్టరీ కడుతున్నారు. అది ఇప్పుడు లేదు, కాబట్టి పేరు వదిలేద్దాం. గాజు కరిగించే బట్టీ కట్టి, వెలిగించి, అప్పజెప్పడానికి ఒక చలిదేశం నుంచి ఇంజనీరు వచ్చాడు. యాభై దాటిన మనిషి. వెంట భార్య. కూలీలు వాళ్లను దొర, దొరసాని అన్నారు. మా దిక్కు ఆ మాటల్లో గౌరవం కంటే భయం పాలు ఎక్కువ. పాపం, వాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఆయనకు ఇంగ్లీషు నాకు వచ్చినంతే వచ్చు. ఆమెకు అదీ అంతంతమాత్రం. ఆమె తన భాషలో ఆయనకు చెప్పేది, ఆయన ఇంగ్లీషులో నాకు చెప్పేవాడు, నేను తెలుగులో మేనేజర్‌కు చెప్పాలి. వాళ్ల ఇల్లు, నీళ్లు, తిండి, ఉత్తరాలు, పోలీసు ఆఫీసులో పరదేశీయుల కాగితాలు అన్నీ నా మెడకే చుట్టారు. బట్టీ వెలిగిన రోజున నా టెంపరరీ కొలువు పర్మనెంటు చేస్తామన్నారు.

వాళ్లు సరిగ్గా రోహిణి కార్తెలో దిగారు. మేమే గోడ నీడకు అతుక్కుని నడిచే రోజులు. ఫ్యాను తిరిగితే వేడిగాలి, తిరగకపోతే ఉక్కపోత. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఎప్పుడొస్తుందో అసలే తెలియదు. ట్యాంకరు నీళ్లు ఎర్రగా ఉండేవి. ఆమె వాటిని కాచి, గుడ్డలో వడకట్టి, గాజుగ్లాసులో పోసి, అడుగున పేరుకున్న ఎర్రమట్టిని నాకు మాట్లాడకుండా చూపించేది. డబల్ రొట్టె రైల్లో వచ్చేసరికి చీమలు పట్టేది. ఇంటికి ఫోను మాట్లాడాలంటే పొద్దున ట్రంకాలు బుక్ చేసి సాయంత్రందాకా పోస్టాఫీసు బల్ల మీద కూర్చోవాలి. తీరా కలిస్తే "వినబడుతుందా" అని అరుచుకోవడంలోనే టైము అయిపోయేది. ఆమె బట్టలు ఆరేస్తుంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి కంచె పట్టుకుని చూసేవాళ్లు. ఒకరిద్దరు లోపలికొచ్చి జుట్టు ముట్టి చూసిపోయారు. వానలు మొదలయ్యాక చెప్పుల మీద బూజు, స్నానాల గదిలో కప్పలు, దీపం పెడితే పురుగుల వాన. కిటికీలకు దోమల జాలీ కొట్టించమని వచ్చిన మొదటి వారంలోనే అడిగారు. నేను "రేపు" అన్నాను. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదే.

వాళ్ల దేశం నుంచి వచ్చిన ఒక పార్శిల్ హైదరాబాదులో ఆగిపోయింది. విడిపించాలంటే మేనేజర్ సంతకంతో ఉత్తరం కావాలని చీటీ వచ్చింది. ఆ చీటీని నా సొరుగులో పెట్టాను. మేనేజర్ దగ్గరికి పోవాలంటే నాకు భయం. ఆయనది మా కరీంనగర్ దిక్కే, కేకేస్తే షెడ్డు రేకులు అదిరేవి.

శ్రావణం నడుమ ఒకరోజు ఆయన నన్ను పిలిచి తలుపు వేయించాడు.

"ఇగో, బట్టీ ముట్టించే దినం దగ్గరికొచ్చింది. హైదరాబాదు నుంచి పెద్దమనుషులొస్తున్నరు. గా దొర మనసు ఖరాబు కావద్దు. ఏం పరేషాన్ ఉన్నా నీ కాడ్నే ఆపు, నా దాక తేకు. సమజయిందా?"

"అయింది సార్."

"దొరసాని పట్నం పోత అంటే ఆయన ఎంబడి పోతడు. ఆయన పోతె పని ఆగుతది. పని ఆగితె మొదలు ఇంటికి పోయేది నువ్వే."

ఆ రోజు నుంచి నేను మాటలు ఆపడంలో చెయ్యి తిరిగినవాణ్ణయ్యాను. దొర కోపంగా పది మాటలంటే మేనేజర్‌కు రెండు చేరేవి, మేనేజర్ తిట్టిన తిట్టు దొరకు చిరునవ్వుగా చేరేది. అబద్ధం ఆడుతున్నానని ఎన్నడూ అనుకోలేదు. పని నడిపిస్తున్నాననుకున్నాను.

ఇంకొకటి కూడా చేశాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది. చాయ్ వేళకు గుమాస్తాలందరూ నా బల్ల చుట్టూ చేరేవాళ్లు. "ఏంది తమ్మీ, ఇయ్యాల దొరసాని ముచ్చట?" అని అడిగేవాళ్లు. నేను ఆమెలా నడిచి, ఆమెలా నీళ్ల గ్లాసు ఎత్తి చూపించి నవ్వించేవాణ్ణి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వాళ్లింటికి పోతే ఆమె రెండు రగ్గులు కప్పుకుని కుర్చీలో ముడుచుకుని ఉంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. బయట మాకు చెమటలు కారుతున్నాయి. చలిదేశపు మనిషికి మన దగ్గర చలా! నాకు అది పెద్ద వేడుకగా తోచింది. చాయ్ వేళకు టేబుల్ గుడ్డ మీద కప్పుకుని, పళ్లు కొట్టుకుంటూ వణికి చూపించాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

గుమ్మంలో ఒక మనిషి నవ్వలేదు. దొరసాని ఇంట్లో వంటా పనీ చూసే అవ్వ, పక్క గూడెం మనిషి. చక్కెర కోసం స్టోర్‌కు వచ్చి నిలబడింది.

"ఎందుకు నవ్వుతున్రు సారూ? అమ్మకు దినం తప్పి దినం గట్లనే వణుకుడు వస్తుంది. పొద్దూకేసరికి ఒళ్లంత చెమటలు వోస్తయ్. తెల్లారి మంచిగనే లేస్తది. అది సలిజరం. మా చిన్నకోడలు గట్లనే పోయింది."

అందరి ముందూ అనేసరికి నాకు రోషం వచ్చింది. "నీ పని నువ్వు చేసుకో అవ్వా. డాక్టరున్నడు, ఆయన చూస్తడు" అన్నాను.

డాక్టరు పక్క టౌను నుంచి వారానికి రెండు దినాలు వచ్చేవాడు. మంచి మనిషి, నెమ్మది. శుక్రవారం ఆయనను తీసుకుపోయాను. అది ఆమెకు జ్వరం రాని రోజు. కుర్చీలో కూర్చుని, మొహం పసుపు తిరిగి, నవ్వే ప్రయత్నం చేసింది. దొర బట్టీ దగ్గర ఉన్నాడు.

"చలి గిట్ల పెడుతుందా అడుగు" అన్నాడు డాక్టరు. "చలి ఉంటే మాత్రం నెత్తురు తీసి చూడాలె."

నేను అడిగాను. ఆమె రెండు చేతులతో తన భుజాలను గట్టిగా పట్టుకుని ఊపి చూపించింది. ఆ సైగ అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. నా మనసులో ఒక్కసారిగా మేనేజర్ మూయించిన తలుపు మెదిలింది. నెత్తురు తీస్తే జ్వరం తేలుతుంది, తేలితే పట్నం అంటారు.

"కొంచెం నలతగ ఉందంటుంది సార్. ఎండ పడలే, మన తిండి పడలే."

డాక్టరు నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. బలం మందు రాసి, గ్లూకోజు తాగించమని చెప్పి వెళ్లిపోయాడు.

గడప దగ్గర అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "సారూ, అమ్మ వణుకుడు చూపెట్టింది గద, నువ్వు చెప్తివా?"

"చెప్పిన" అన్నాను. అచ్చమైన అబద్ధం అదే మొదటిది. ఆ తర్వాత నాకు సరిగా అన్నం పోలేదు. చలి రోజు, జ్వరం లేని రోజు అంటూ వేళ్లు మడిచి చూసుకునేవాణ్ణి. ఈసారి రాదులే అనుకునేవాణ్ణి. వచ్చేది.

బట్టీ వెలిగించే రోజు ముసురు పట్టింది. షెడ్డు ముందు మామిడాకులు, పంతులు, కొబ్బరికాయలు. పెద్దమనుషుల కార్లు తెల్లారకముందే వాగు దాటి వచ్చేశాయి. వాళ్ల వెనక వాగు పొంగి రోడ్డు మునిగిందని డ్రైవర్లు చెప్పుకుంటున్నారు. దొర తెల్లచొక్కా వేసుకుని నిమిషానికోసారి గడియారం చూస్తున్నాడు. ఒకసారి వెలిగితే ఆ బట్టీని మళ్లీ ఆర్పకూడదు, వేడి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. అందుకని ఆయన చూపంతా అక్కడే ఉంది.

తొమ్మిది దాటాక అవ్వ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"సారూ, అమ్మ లేస్తలేదు. పిలిస్తె పలుకుతలేదు. కండ్లు తెల్లగేసింది."

నేను పరుగెత్తాను. మంచం మీద ఆమె ఒళ్లు పెనంలా కాలుతోంది. పళ్లు బిగుసుకున్నాయి. కళ్లు సగం తెరిచి ఉన్నాయి కానీ అవి నన్ను చూడడం లేదు. అప్పటిదాకా నేను పడ్డదంతా అసలు భయమే కాదని ఆ క్షణంలో తెలిసింది. పరదేశపు మనిషి మన దగ్గర చచ్చిపోతే పోలీసులు మొదట అడిగేది వాళ్ల పరదేశీయుల కాగితాల మీద సంతకం చేసినవాణ్ణి. ఆమె ప్రాణం పోతుందేమోనన్న తలపు నాకు ఆ తర్వాత వచ్చింది. ఆ వరసను నేను ఇప్పటికీ మరచిపోలేదు.

షెడ్డుకు తిరిగొచ్చి మేనేజర్ చెవిలో చెప్పాను. ఆయన మొహం కూడా పాలిపోయింది. అటు పెద్దమనుషులను చూశాడు, ఇటు బట్టీని చూశాడు.

"డాక్టరు?"

"ఇయ్యాల రాడు సార్. వాగవతల ఉన్నడు."

"గంట. ఒక్క గంట ఆగు. ముట్టించినంక చెప్దాం. గంటల కొంపలేం మునుగవు."

అప్పుడే దొర నన్ను చూసి చెయ్యి ఊపాడు. దగ్గరికి పోయాను. "నా భార్య వస్తానంది. రాలేదేం?" అని అడిగాడు.

"పడుకున్నారు సార్."

"జ్వరమా?"

"కొంచెం."

ఆయన తల ఊపి బట్టీ వైపు తిరిగాడు. నేను అక్కడే నిలబడ్డాను. పంతులు మంత్రాలు చదువుతున్నాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, ఒక యుగమనిపించింది. ఇప్పుడు చెప్తాను, ఇప్పుడు చెప్తాను అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు. నేనే చెప్పానని రాస్తే ఈ ముచ్చట బాగుండేది.

చెప్పింది అవ్వ. వానలో తడిసిన చీరతో, ఒట్టికాళ్లతో, పట్టుపంచెల వాళ్లను తోసుకుంటూ నేరుగా దొర ముందుకు వచ్చి నిలబడింది. ఎవరో "ఏయ్, ఎటు పోతున్నవ్" అని అరిచారు. ఆమెకు ఆయన భాష రాదు, ఆయనకు ఆమెది రాదు. రెండు చేతులతో భుజాలు పట్టుకుని నిలువెల్లా వణికి చూపించింది. పళ్లు కొట్టుకుంటున్నట్టు చేసింది. తర్వాత తల పక్కకు వాల్చి, కళ్లు పైకి తిప్పి, కదలకుండా నిలిచింది.

నేను చాయ్ వేళకు ఆడిన ఆటే అది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

దొర నా వైపు తిరిగాడు. "ఏమంటోంది?"

"మీ భార్యకు స్పృహ లేదు సార్. చాలా రోజుల నుంచి చలిజ్వరం."

ఆయన చేతిలోని కాగడా తన కింది ఫోర్‌మన్ చేతిలో పెట్టి పరుగు తీశాడు. మేనేజర్ కూడా ఆపలేదు. జీపు ఇచ్చాడు. దొరసానిని మంచంతో సహా దాని వెనక ఎక్కించి, అవ్వతో, ఇద్దరు కూలీలతో బయల్దేరాం.

వాగు దగ్గర రోడ్డు లేదు. బురదరంగు నీళ్లలో చెట్ల కొమ్మలు గిరగిర తిరుగుతూ పోతున్నాయి. దాటడానికి మిగిలింది ఎగువన ఉన్న రైలు వంతెన ఒక్కటే. అక్కడి రైల్వే గేటు కాడి మనిషి మమ్మల్ని చూసి అడ్డం వచ్చాడు.

"ప్యాసింజర్ పోయింది. గూడ్స్ ఎప్పుడొస్తదో నాకెర్కలేదు. పోవద్దు సారూ, నా నౌకరీ పోతది." తర్వాత మంచం మీది మనిషిని చూశాడు. ఎర్రజెండా తీసుకుని పట్టాల మీదికి ఎక్కాడు. "జల్ది పోండ్రి. నేనిక్కడ నిలవడ్త" అన్నాడు.

దొర, నేను, ఇద్దరు కూలీలు మంచం నాలుగు మూలలు ఎత్తుకున్నాం. వెనక అవ్వ దొరసాని తల రెండు చేతులతో పట్టుకుని నడిచింది. వంతెన మీద నడవడానికి దారి ఉండదు, పట్టాల కింద అడ్డంగా వేసిన దుంగల మీదే అడుగు వేయాలి. దుంగకూ దుంగకూ మధ్య సందులో కింద నీళ్లు. వాన తడికి అడుగు జారుతోంది. నేను నీళ్లను చూడకూడదనుకుంటే మంచం మీది మొహం కనబడేది, మొహం చూడకూడదనుకుంటే నీళ్లు కనబడేవి. నడుమ ఒక కూలీ కాలు సందులో దిగబడింది. మంచం ఒరిగింది. అవ్వ ఆ తలను రొమ్ముకు అదుముకుని "పట్టున్రి, పట్టున్రి" అని కేకేసింది. దొర తన భాషలో ఏదో ఒకే మాట పదేపదే అంటున్నాడు. దేవుడి పేరో, భార్య పేరో. రైలు రాలేదు. రాకపోయినా దాని చప్పుడు నేను వంతెన పొడవునా విన్నాను.

అవతల ఒక ట్రాక్టరు దొరికింది. దాని మీద దొర నాతో అన్నాడు. "చలిజ్వరం రాకుండా వేసుకునే మాత్రలు అయిపోయి రెండు నెలలయింది. ఆ పార్శిల్‌లో ఉన్నాయి. నీకు చెప్పాను కదా."

చెప్పాడు. నేను అది వాళ్ల ఊరి తినుబండారాల పార్శిల్ అనుకున్నాను. "మందు" అని ఆయన అన్నాడో లేదో, అంటే నేను విన్నానో లేదో, ఇప్పటికీ తేల్చుకోలేను. చీటీ నా సొరుగులోనే ఉంది.

ఆసుపత్రిలో నెత్తురు చూసి డాక్టరు క్వినైన్ ఎక్కించాడు. జ్వరం మెదడుకు ఎక్కిందనీ, రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేననీ దొరతో అన్నాడు. తర్వాత వరండాలోకి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నేను అడిగినప్పుడు ఆమె ఏం చెప్పింది?"

"వణుకు చూపించింది సార్."

"నువ్వేం చెప్పినవ్?"

ఆయన తిట్టలేదు. "ఆ చూపుడు నేనూ చూసిన. నువ్వు లేదన్నవని వదిలేసిన" అని లోపలికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆ రెండు రోజులూ వరండాలోనే ఉన్నాను. నర్సు గబగబా నడిస్తే చాలు లేచి నిలబడేవాణ్ణి. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. మొక్కుకుంటూ ఆమె కోసం మొక్కుతున్నానా, నా కోసమా అని నాకే అనుమానం వచ్చింది. మూడోరోజు పొద్దున ఆమె నీళ్లడిగింది. అవ్వ చెంచాతో పోసింది. బతికింది కానీ ఎడమ చెవి వినబడకుండా పోయింది. మందు వల్లనో, జ్వరం వల్లనో డాక్టరు కూడా తేల్చి చెప్పలేకపోయాడు.

బట్టీ ఆ రోజే వెలిగింది. వారం తిరక్కుండా నా పర్మనెంటు ఆర్డరు వచ్చింది. దొరసానిని భుజం మీద మోసి రైలు వంతెన దాటించినవాడని మేనేజర్ అందరి ముందూ నా వీపు తట్టాడు. నేను కాదనలేదు. ఆ కాగితం చూసి సిరిసిల్లలో మా అమ్మ దీపం పెట్టింది. ముప్పై ఏళ్లు ఆ కాగితం మీదే తిన్నాను, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక వేరే కొలువు కూడా ఆ అనుభవం చూపించే దొరికింది.

దీపావళి ముందు వాళ్లు వెళ్లిపోయారు. మంచిర్యాల స్టేషన్‌కు నేనూ అవ్వా పోయాం. దొరసాని బాగా చిక్కిపోయింది, మనిషి మాట్లాడితే కుడిచెవి తిప్పి వింటోంది. రైలు ఇంకా రాలేదు. దొర నన్ను పక్కకు పిలిచాడు.

"నా భార్య ఈమెతో మాట్లాడాలంటోంది. ఈ ఒక్కసారి ఏదీ తగ్గించకు. ఉన్నది ఉన్నట్టు."

అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

దొరసాని చెప్పింది, దొర చెప్పాడు, నేను చెప్పాను. "ఈ దేశంలో నేను చెప్పింది విన్నది నువ్వొక్కదానివే. నీ వల్ల బతికాను."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. దొరసానితో అంది.

"మొదలు గీ సారుకే చెప్పినమ్మా. నవ్విండు. డాక్టరుకు చెప్తివా అంటె చెప్పిన అన్నడు. సదువుకున్నోడు గద, అబద్దమాడుతడా అని నేను ఊకున్న. నేను ఊకోకపోతె నీ చెవు పోకపోవు. గది నా తప్పు, మనసుల పెట్టుకోకు." నా వైపు తిరిగి, "గిదంత చెప్పు సారూ. ఇడిసిపెట్టకు" అంది.

పర్మనెంటు ఆర్డరు, పోలీసు ఆఫీసు, మా బాపు మొహం అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అయినా చెప్పాను. నవ్వాడని చెప్పాను. డాక్టరుకు చెప్పానని అబద్ధమాడాడని చెప్పాను. "అతను" అని మొదలుపెట్టి, మధ్యలో "నేను" అని మార్చుకున్నాను. ఇంగ్లీషులో నేను అంత పొడుగ్గా, అంత తప్పుల్లేకుండా మాట్లాడింది అదే మొదటిసారి.

దొర కదలకుండా విన్నాడు. దూరాన రైలు కూత వేసింది. దొరసాని ఆయన చొక్కా లాగి, ఏమంటోందని కుడిచెవి దగ్గరికి తెచ్చింది. ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత వంగి ఆమె చెవిలో నాలుగైదు మాటలు చెప్పాడు.

ఆమె మొహం విచ్చుకుంది. అవ్వను దగ్గరికి తీసుకుంది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, మేం నేర్పినట్టే, రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెట్టింది.

ఆయన ఏం చెప్పాడో నాకు ఆ భాష రాదు. కానీ అంత పొడుగు మాట అంత పొట్టిగా ఎలా అవుతుందో ఆ జిల్లా మొత్తంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.